పళ్ళెం మీద అడ్డంగా పెట్టిన చెయ్యి

నేను ఉపవాసం ఉన్నానని అచ్చు వేశారు. ఉండలేదు. ముప్పై ఆరు రోజులు నడిచాను, ముప్పై ఆరు రోజులూ తిన్నాను. ఒక్క పూట మాత్రం సగం కడుపుతో లేచాను. దానికి కారణం భక్తి కాదు, మొహమాటం.

అమెరికాలో మా నేపర్‌విల్ తెలుగువాళ్ళు ఏడాదికోసారి తెచ్చే పత్రికలో నేను పంపిన ఫొటో వేసి, దాని పైన పెద్దక్షరాలతో "రొట్టెముక్క, మంచినీళ్ళతో స్పెయిన్ దాటిన తాతగారు" అని పెట్టారు. అంతవరకే అయితే నవ్వి ఊరుకునేవాణ్ణేమో. మూడో పేరాలో ఇలా ఉంది: "దారిలో ఒక స్పానిష్ మాతృమూర్తి ప్రేమతో వండి వడ్డించిన భోజనాన్ని సైతం, దీక్షకు భంగం కలుగుతుందని ఆయన సున్నితంగా తిరస్కరించారు." ఆ మాతృమూర్తి వండిన గిన్నె అడుగు కూడా నేను రొట్టెముక్కతో తుడుచుకుని తిన్నాను. ఆ సంగతి సంపాదకుడికి నేనే చెప్పాను, వాళ్ళింట్లో సోఫాలో కూర్చుని, గంటసేపు.

ఇంకో సంగతి. పత్రిక కాపీ ఒకటి అప్పటికే విమానమెక్కి ఆవిడ దగ్గరికి బయలుదేరింది. అడ్రసు ఇచ్చింది కూడా నేనే.

అచ్చులో పడిన తప్పులంటే నాకు మొదటినుంచీ పడదు. అయిదో తరగతితో బడి మానేసి తెనాలిలో ఒక ప్రెస్సులో చేరాను. సీసపు అక్షరాలను తిరగేసి పేర్చడం నేర్చుకున్నాకే నాకు సరిగా చదవడం వచ్చింది. ఒక శుభలేఖలో పెళ్ళికూతురి ఇంటిపేరు తప్పు పడితే, మా యజమాని కార్డులన్నీ మళ్ళీ వేయించి, తన చేత్తో తీసుకెళ్ళి ఇచ్చి, ఆ ఇంటి గుమ్మంలో నిలబడి క్షమించమని అడిగి వచ్చాడు. నేను పక్కన సంచీ పట్టుకుని నిలబడ్డాను. నా చదువు ఏదైనా ఉందంటే అదే. మిగతాదంతా చేతికి దొరికిన కాగితమల్లా చదువుకుంటూ పోగేసుకున్నది. తర్వాత నర్సుగా పనిచేసే మా ఆవిడ వీసా మీద, ఆవిడ వెనకాల సూట్‌కేసులు మోసుకుంటూ ఈ దేశం వచ్చాను. ఇక్కడా అచ్చు మిషనే నడిపాను. రిటైరయ్యాక రోజూ నది పక్కన నడిచి, వెళ్ళి లైబ్రరీలో కూర్చునేవాణ్ణి.

అక్కడే ఒకరోజు ఒక పుస్తకంలో రాతిగోడ మీద పసుపుపచ్చ రంగుతో గీసిన బాణం గుర్తు చూశాను. దాని పక్కనుంచి గోధుమచేల మధ్యకి ఒక మట్టిబాట వెళ్ళిపోతోంది. పేజీ తిప్పబుద్ధి కాలేదు. కౌంటర్లో పనిచేసే ఆవిడ చిన్నప్పుడే మెక్సికో నుంచి వచ్చిన మనిషి. నేను అదే పేజీ తెరిచి పెట్టుకుని చాలాసేపు కూర్చోవడం చూసి దగ్గరికొచ్చింది. అది స్పెయిన్‌లో క్రైస్తవ యాత్రికులు కొన్ని వందల ఏళ్ళుగా నడుస్తున్న దారి అని, కమీనో అంటారని, ఇప్పుడు ఏ మతంవాళ్ళయినా నడుస్తారని చెప్పింది. ప్రతి ఊళ్ళో బాటసారులు పడుకోవడానికి సత్రాలుంటాయట. చాలా సత్రాల్లో వంటిల్లు ఉంటుందట, ఎవరైనా వండుకోవచ్చట. సత్రం, వంటిల్లు అనే రెండు మాటలు విన్నాక నా మనసు అప్పుడే బయలుదేరిపోయింది. కాళ్ళు మరుసటి సెప్టెంబరుకి గానీ బయలుదేరలేదు. ఈలోగా ఆవిడే నాకు ఒక పాతిక స్పానిష్ మాటలు నేర్పింది. అన్నీ తిండి మాటలే.

మా వాళ్ళకి తెలిశాక ఒక్కొక్కరూ ఒక్కో సలహా. "అంకుల్, ప్రోటీన్ బార్స్ ఒక యాభై ప్యాక్ చేసుకోండి." "అంకుల్, ఇన్‌స్టంట్ ఉప్మా కప్స్ బెస్ట్, హాట్ వాటర్ పోస్తే చాలు." మా ఆవిడ బెంగ వేరు.

"ఏవండీ, అక్కడ ఏం తింటారు?"

"వాళ్ళు తినేదే."

"వాళ్ళు పందిని తింటారట."

"అయితే పంది తినేది నేను తింటాలే."

ఆవిడ నవ్వలేదు. కందిపొడి, నిమ్మకాయంత చింతపండు ఉండలు నాలుగు, ఎండుమిరపకాయలు, ఇంగువ డబ్బా సర్దింది. ఇంగువ డబ్బాకి మూడు కవర్లు చుట్టింది, ఎయిర్‌పోర్టులో కుక్క పట్టుకుంటుందేమోనని. "మీకు మోకాళ్ళు బాగున్నాయి కాబట్టి వెళ్ళండి. నా మోకాళ్ళు బాగుండి ఉంటే మిమ్మల్ని ఒక్కర్నే పోనిచ్చేదాన్నా?" అంది. ఆ మాట దారి పొడుగునా నాతో వచ్చింది.

ఇప్పటికీ నది పక్కన నడుస్తుంటే, ఏ అడుగు దగ్గర ఇల్లినాయి అయిపోయి స్పెయిన్ మొదలవుతుందో నాకు తెలియదు. ముందు చేతికర్ర చప్పుడు వినిపిస్తుంది. తర్వాత వేకువ చీకట్లో ముందు నడిచేవాళ్ళ తలలకు కట్టుకున్న దీపాలు, ఎవరో దారి పొడుగునా విడిచిపెట్టిన మిణుగురుల్లా. ఆ పైన మన వీపు వెనకాల సూర్యుడు లేస్తాడు. నడిచేది పడమరకి కాబట్టి రోజూ పొద్దున్నే మన నీడ మనకంటే ముందు, తాటిచెట్టంత పొడుగ్గా నడుస్తుంది. మధ్యాహ్నానికి అది కుదించుకుపోయి కాళ్ళ కిందికి వచ్చేస్తుంది. అప్పటికి ఒక ఊరు వస్తుంది. ఊరంటే ఒక వీధి, ఒక గుడిగంట, ఒక కుళాయి, నీడలో పడుకున్న కుక్క.

తిండి సంగతి మొదటి మూడు రోజుల్లోనే పట్టుబడింది. అక్కడ మధ్యాహ్నం దుకాణాలు మూసి అందరూ నిద్రపోతారు. ఆదివారం అసలు తియ్యరు. అందుకని కొనేదేదో పొద్దున్నే కొని సంచీలో వేసుకోవాలి. రొట్టె కర్రంత పొడుగుంటుంది, రెండు రోజులు వస్తుంది. దాన్ని చీల్చి, వెల్లుల్లి రుద్ది, పండిన టమాటా సగానికి కోసి తొక్క మిగిలేదాకా రాసి, పైన ఆలివ్ నూనె, ఉప్పు. ఇంతకంటే మంచి టిఫిను నేను ఏ హోటల్లోనూ తినలేదు. ఉడికించిన శనగలు గాజు సీసాల్లో అమ్ముతారు, కాఫీ కంటే చవక. సంతలో దెబ్బతిన్న పీచ్ పండ్లు పక్కన పోసి ఉంచుతారు. అడిగితే దోసిలి నిండా చేతిలో పోసి, వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపేస్తారు. కంచెల మీద నల్లటి ముళ్ళపండ్లు ఎవరివీ కావు. ద్రాక్షతోటలు మాత్రం ఎవరివో ఒకరివి. వాటిని చూస్తూ నడవడమే.

ప్రతి సత్రం వంటింట్లోనూ ఒక అర ఉంటుంది. ముందురోజు వెళ్ళిపోయినవాళ్ళు వదిలేసినవి అందులో పెడతారు. సగం ఉప్పు పొట్లం, గుప్పెడు సేమియా, నూనె సీసా అడుగున రెండు వేళ్ళ నూనె, రెండు ఉల్లిపాయలు. ఎవరు వదిలారో తెలియదు, ఎవరికోసమో తెలియదు. సాయంత్రం ఆ అర ముందు నిలబడి, ఉన్నవాటితో ఏం చెయ్యొచ్చో ఆలోచించడం నాకు ప్రెస్సులో అక్షరాల గళ్ళ ముందు నిలబడినట్టుండేది. మసూరు పప్పు ఉడకబెట్టి, చింతపండు పిసికి, ఎండుమిరపకాయ తుంచి ఇంగువ పోపు పెట్టేవాణ్ణి. మొదట అందరూ లేచి కిటికీలు తెరిచేవాళ్ళు. కాసేపటికి ఒక్కొక్కరే పళ్ళేలు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఒకరి దగ్గర రొట్టె, ఇంకొకరి దగ్గర జున్ను, ఇంకొకరి దగ్గర పుచ్చకాయ ముక్క. పేర్లు తెలియవు. ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకునేవాళ్ళం, నవ్వు మాత్రం ఒకేసారి వచ్చేది.

అలా పది రోజులు గడిచాక కొండలు అయిపోయి మైదానం మొదలైంది. కోతలైపోయిన గోధుమచేలు, ఆకాశం అంచు దాకా. చెట్టు లేదు. రోజంతా నడిచినా ఉన్నచోటే ఉన్నట్టుంటుంది. మనం నిలబడి ఉంటే భూమే మెల్లగా కాళ్ళ కింద జరుగుతోందా అనిపిస్తుంది. ఆ మైదానం మధ్యలో ఒక ఊరు, ఊరి చివర ఒక పాత రాతి సత్రం. దాన్ని చూసుకునే ఆవిడ నా ఈడుదే. పొట్టిగా, బలంగా, చేతులు మోచేతుల దాకా పిండి. అక్కడ ఇంత అని అడగరు. గుమ్మం దగ్గర ఒక చెక్కపెట్టె ఉంటుంది, వెయ్యగలిగింది వెయ్యడమే. భోజనం మాత్రం ఆవిడే వండుతుంది, అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

నేను మాంసం తిననని లైబ్రరీ స్పానిష్‌లో చెప్పాను. ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం అందరికీ పెద్ద గిన్నెలోంచి సాసేజీ ముక్కల పులుసు పెట్టింది. తర్వాత లోపలికి వెళ్ళి, గుడ్డతో పట్టుకుని ఇంకో చిన్న ఇనపగిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. శనగలు, పాలకూర, నూనెలో ఎర్రగా వేయించిన వెల్లుల్లి. నా ఒక్కడికోసం విడిగా వండింది. ఒక గరిటెడు పళ్ళెంలో వేసింది.

ఆ రోజు పాతిక కిలోమీటర్లు నడిచి ఉన్నాను. ఆ గరిటెడు ఎలా వెళ్ళిందో తెలియదు. ఆవిడ మళ్ళీ గరిటె ముంచి, ఇంకాస్తా అన్నట్టు కనుబొమలెత్తింది.

నా చెయ్యి వెళ్ళి పళ్ళెం మీద అడ్డం పడింది.

నేను పెట్టలేదు, అదే వెళ్ళింది. మన పంక్తిలో కూర్చుని తిన్నవాడెవడికైనా తెలుసు ఆ చెయ్యి. వడ్డించేవాళ్ళు ముందు అడుగుతారు, మనం చాలంటాం. "అబ్బే, ఏం తిన్నారని!" అంటారు. అయ్యో వద్దండీ అని చెయ్యి అడ్డం పెడతాం. "మా మీద ఒట్టే" అంటారు. అప్పుడు వేళ్ళు కొంచెం విడదీస్తాం. ఆ సందులోంచి వాళ్ళు వేసేస్తారు, మనం అన్యాయం జరిగిపోయినట్టు మొహం పెట్టి తింటాం. పుట్టిన దగ్గరనుంచీ ఆడుతున్న ఆట. మొదటిసారే ఊఁ అన్నవాణ్ణి తిండిపోతంటారు. డెబ్బై ఒక్క ఏళ్ళు వచ్చినా, సముద్రం దాటినా, ఆ చెయ్యికి ఇంకో పని తెలియదు.

ఆవిడకి ఆ ఆట తెలియదు. నా చెయ్యి వంక చూసింది. తల ఊపింది. గరిటె గిన్నెలో పెట్టి, మూత వేసి, తీసుకుని వెళ్ళిపోయింది.

నేను వేళ్ళు విడదీసుకుని కూర్చున్నాను.

గిన్నె వెళ్ళిపోయినందుకు బాధ ఎంత ఉందో చెప్పను, అబద్ధమనుకుంటారు. కానీ తర్వాత చూసింది ఎక్కువ బాధ పెట్టింది. వంటింటి గుమ్మంలోంచి కనిపిస్తోంది. ఆవిడ ఆ చిన్న గిన్నె మూత తీసి, చెంచాతో కొంచెం నోట్లో వేసుకుని, మొహం చిట్లించి ఆలోచిస్తోంది. ఉప్పు తక్కువైందా, నూనె వాసన వచ్చిందా అని. మళ్ళీ రుచి చూసింది. బాగాలేక వద్దన్నాననుకుంది. లేచి చెబుదామంటే నా పాతిక మాటల్లో మొహమాటం అనే మాట లేదు.

తెల్లవారకముందే మెలకువ వచ్చింది. మైదానం మీద బూడిదరంగు వెలుతురు అప్పుడే పాకుతోంది. సంచీ భుజానికి తగిలించుకుని కిందికి దిగాను. వంటింట్లో రాతి అరుగు మీద ఆ గిన్నె ఉంది, పైన పళ్ళెం బోర్లించి. నాకోసం వండింది నాదే కదా అని మనసుకి చెప్పుకున్నాను. మూత తీసి, బల్ల మీది రొట్టె తుంచి, నిలబడే తినడం మొదలుపెట్టాను. చల్లారిన శనగలు రాత్రి కంటే ఇంకా బాగున్నాయి.

దీపం వెలిగింది. గుమ్మంలో ఆవిడ, శాలువా కప్పుకుని.

నేనేం చేశానో తెలుసా? గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టాను.

ఆవిడ నోటికి శాలువా అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి గోడకి ఆనుకుంది. తర్వాత దగ్గరికొచ్చి, నా మణికట్టు పట్టుకుని, గిన్నె మూత ఎత్తినట్టు నా చేతిని ఎత్తి పక్కన పెట్టింది. గిన్నె పొయ్యి మీదికెక్కించింది. నాకు ధైర్యం వచ్చి సంచీ విప్పాను. గరిటెలో నూనె కాచి, ఎండుమిరపకాయ, ఇంగువ వేసి, చింతపండు పిసికిన నీళ్ళతో సహా ఆ శనగల్లో పోశాను. చుయ్యిమంది. ఆవిడ ఒక చెంచా తిని దగ్గింది, కళ్ళ నీళ్ళు తుడుచుకుంది, రెండో చెంచా తింది. ఇద్దరం ఆ అరుగు దగ్గర నిలబడే గిన్నె ఖాళీ చేశాం. కిటికీలో మైదానం మెల్లగా బంగారు రంగుకి తిరిగింది. ఆ అరగంటా మా ఆవిడ కూడా అక్కడే ఒక పీట మీద కూర్చుని మోకాళ్ళు రాసుకుంటున్నట్టే ఉంది నాకు.

వెళ్ళేముందు ఫోనుతో ఫొటో తీశాను. ఆవిడ, గిన్నె, అంచున నా చెయ్యి. ఆవిడ నా చేతిని చూపించి "నో" అంది. నా నోటిని చూపించి "సీ" అంది. సీ అంటే అవును. కావాలంటే అవునను అని. రెండుసార్లు పలికించింది. మిగిలిన చింతపండులో పెద్ద ఉండ ఆవిడ చేతిలో పెట్టాను. రొట్టె చుట్టిన కాగితం చింపి దాని మీద అడ్రసు రాసిచ్చింది. ఫొటో అచ్చయ్యాక పంపిస్తానని సైగలతోనే మాటిచ్చాను.

ఆ తర్వాత దారి వేరు. ద్రాక్ష కోస్తున్న రైతు గంపలోంచి ఒక గుత్తి ఎత్తి చూపించాడు, సీ అన్నాను. ఒక సత్రంలో కొరియా నుంచి వచ్చిన ఒకాయన తన సేమియా గిన్నె నా వైపు జరిపాడు, సీ. ఒక ముసలాయన గుమ్మంలో కూర్చుని అంజూరపండ్లు ఒలుస్తూ పిలిచాడు, సీ, సీ. తక్కువ డబ్బులతో స్పెయిన్‌లో ఎలా తినాలని నన్ను అడిగినవాళ్ళందరికీ నేను ముందు దుకాణాల వేళలు చెబుతాను. తర్వాత ఈ మాట చెబుతాను. సంచీలో డబ్బు ఎంతుందన్నది తర్వాత, అడిగినప్పుడు అవునన్నావా లేదా?

తిరిగొచ్చినప్పుడు రెండు కిలోలు బరువు పెరిగి వచ్చాను. మా ఆవిడ చూడగానే, "నడిచి వచ్చారా, తిని వచ్చారా?" అంది. రెండూ అన్నాను.

ఇదంతా సంపాదకుడికి చెప్పాను. మంచి కుర్రాడే, పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేరు, ఇద్దరు పిల్లలు, శని ఆదివారాలు నిద్ర మానుకుని ఆ పత్రిక చేస్తాడు. చెబుతుంటే తల ఊపుతూ ల్యాప్‌టాప్‌లో కొట్టుకున్నాడు. బయటికొచ్చింది ఈ ఉపవాసం.

పత్రిక వచ్చిన వారానికే అందరం వంటలు తెచ్చుకుని కలిసే భోజనాలు. పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడ్డాను. ఎదురుగా గోంగూర పులిహోర, గుత్తివంకాయ, ఆవడలు. ఎవరో ఒకావిడ గరిటె పైకెత్తి ఆగిపోయింది.

"అయ్యో, అంకుల్‌కి అవన్నీ పెట్టకండి. ఆయన ఫాస్టింగ్ మనిషి," అంది పక్కనున్నావిడ.

ఇక్కడే పుట్టిన పిల్ల ఒకతె వచ్చి, "తాతగారూ, బనానా తింటారా? ఫాస్టింగ్‌కి అది ఓకే, రైట్?" అని నా పళ్ళెంలో అరటిపండు పెట్టింది.

"నాకు పులిహోర కావాలమ్మా," అన్నాను. చెయ్యి అడ్డం పెట్టలేదు. మొదటిసారే, గట్టిగా.

"చూశారా, ఎంత సరదాగా మాట్లాడతారో! మనల్ని టెస్ట్ చేస్తున్నారు," అంది గరిటె పట్టుకున్నావిడ. చుట్టూ అందరూ నవ్వారు. ఒకాయన వంగి నా కాళ్ళకి దండం పెట్టాడు. మా ఆవిడ అవతలి వరసలోంచి చూస్తోంది, నోట్లో ఆవడ, కళ్ళలో నవ్వు. ఒక్క మాట అడ్డం రాలేదు. కారెక్కాక మాత్రం బ్యాగులోంచి ఫాయిల్ పొట్లం తీసి నా ఒళ్ళో పెట్టింది. పులిహోర. "తినండి స్వామీ," అంది.

మర్నాడు సంపాదకుడికి ఫోన్ చేశాను.

"అంకుల్, నెగటివ్‌గా తీసుకోకండి. ఇట్స్ సో ఇన్‌స్పైరింగ్. ఇండియాలో మా అమ్మ చదివి ఏడ్చేసింది, తెలుసా?"

"మీ అమ్మగారు ఏడ్చింది అబద్ధానికయ్యా."

"మరి మీరు తెల్లారకుండా వాళ్ళ కిచెన్‌లో దొంగచాటుగా తిన్నారని ఎలా వేస్తాం చెప్పండి? మీ రెస్పెక్ట్ కోసమే కదా ఎడిట్ చేశాను."

"నా రెస్పెక్ట్ సంగతి వదిలెయ్. ఆవిడ నాకోసం విడిగా వండింది. నేను వద్దన్నానని ఆవిడ ఇంటికే రాసి పంపావు. సవరణ వెయ్యి."

"నెక్స్ట్ ఇష్యూలో చూద్దాం అంకుల్."

"నెక్స్ట్ ఇష్యూ వచ్చే ఏడాది. నాకు డెబ్బై రెండు వచ్చాయి."

"మీకేం అంకుల్, మీరు స్పెయినే నడిచేశారు!"

నాలుగు ఉత్తరాలు రాశాను. ఏ పేరా, ఏ వాక్యం, దాని బదులు ఏ వాక్యం వెయ్యాలో గీత గీసి మరీ రాశాను. నాలుగింటికీ కలిపి ఫోనులో ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది.

"ఏవండీ, ఆవిడకి తెలుగు వచ్చా ఏమిటి? ఎందుకింత కంగారు?" అంది మా ఆవిడ.

"ఆవిడకి రాదు. ఫోన్లకి వచ్చు."

నేను కళ్ళారా చూశాను. సత్రాల్లో కుర్రాళ్ళు ఏ కాగితం మీదైనా ఫోను పెట్టి, క్షణంలో తమ భాషలోకి తిప్పేసుకుంటారు. ఎవడో ఒకడు ఆ బల్ల దగ్గర కూర్చుని, నవ్వుతూ, ఆవిడకి చదివి వినిపించేస్తాడు. ఆవిడ మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి, చెంచాతో రుచి చూసుకుని, మొహం చిట్లించుకుంటుంది. గరిటెడు వడ్డించి, నవ్వి, చెయ్యి పట్టుకుని పక్కన పెట్టిన మనిషి. ఈ ముసలాడు ఇంటికెళ్ళి తన గొప్ప చెప్పుకోవడానికి నా వంటని వద్దన్నట్టు రాయించుకున్నాడు అనుకుంటుంది. మా యజమాని అయితే ఈపాటికి విమానం ఎక్కి ఆ గుమ్మంలో నిలబడి ఉండేవాడు.

చివరికి లైబ్రరీకి వెళ్ళాను. కౌంటర్లో ఆవిడకి మొత్తం చెప్పాను. ఆవిడ కాగితం ముందు పెట్టుకుని, ఏం రాయమంటారని అడిగింది. చాలాసేపు ఆలోచించి నాలుగు వాక్యాలే చెప్పాను. మీకు పంపిన పేజీలో ఉన్నది అబద్ధం. నేను ఉపవాసం ఉండలేదు. మా దేశంలో మొదటిసారి అడిగినప్పుడు వద్దనడం మర్యాద, రెండోసారి అడుగుతారని ఎదురుచూస్తాం. మీ శనగల రుచి ఇప్పటికీ నా నోట్లో ఉంది.

"ఇంతేనా?" అంది లైబ్రరీ ఆవిడ. ఇంతే అన్నాను. ఆవిడ రాస్తున్నంతసేపూ కిటికీలోంచి చికాగో వెళ్ళే రైలు కూత వినిపించింది. నా చేత సంతకం పెట్టించింది. తెలుగులోనే పెట్టాను.

చలికాలం వచ్చింది. నది అంచులు గడ్డకట్టాయి. బాతులు మధ్యలో నల్లటి నీటిలో దగ్గరదగ్గరగా ముడుచుకుని ఉండేవి. మంచుబూట్లు వేసుకుని రోజూ నడిచాను. మంచు మీద నడుస్తుంటే చప్పుడు ఉండదు. కళ్ళు సగం మూసుకుంటే ఆ తెలుపు కోతలైన చేలలాగే ఉంటుంది, ఆకాశం అంచుదాకా. ఎక్కడో ఒక సత్రం పొగగొట్టం కనిపిస్తుందేమోనని తల ఎత్తి చూసేవాణ్ణి. వచ్చి పోస్టుబాక్సు తెరిచేవాణ్ణి. కూపన్లు, ఇన్సూరెన్సు కాగితాలు. ఆ చలికాలం నేను శనగలు వండలేదు. మా ఆవిడ వండినా, ఒక గరిటె తిని లేచేవాణ్ణి. ఆవిడ మళ్ళీ వెయ్యబోయి, నా మొహం చూసి ఊరుకునేది.

నది మీద మంచు విరిగే రోజుల్లో వచ్చింది. నీలం కవరు, చేత్తో రాసిన అడ్రసు. విప్పకుండా లైబ్రరీకి తీసుకెళ్ళాను. కౌంటర్లో ఆవిడ ఒకసారి తనలో తాను చదువుకుని, ముక్కు తుడుచుకుని, రెండోసారి నాకోసం ఇంగ్లీషులో చదివింది. నేను అక్కడే కూర్చుని తెలుగులో రాసుకున్నాను. అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ వేస్తున్నాను:

"పత్రిక ఎప్పుడో అందింది. మీ అక్షరాలు ఇక్కడ ఎవరూ చదవలేదు, చదివించాలని నాకూ తోచలేదు. చూడటానికి శనగలు దొర్లిపోయినట్టు గుండ్రంగా, బాగున్నాయి. ఫొటోలో గిన్నె ఖాళీగా ఉంది. వండినదాన్ని, నాకు ఇంకేం చదవాలి? పేజీ కత్తిరించి పొయ్యి పక్కన గోడకి అంటించాను. మీ ఉత్తరం వచ్చిన దగ్గరనుంచి, ఎవరైనా పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెడితే వెంటనే గిన్నె తీసుకెళ్ళడం మానేశాను. ఇంకోసారి అడుగుతున్నాను. చాలామంది అవునంటున్నారు. చింతపండు అయిపోయింది."